వెండి ఎవరమ్మా?

భద్రాచలం,
ఆదివారం, తెల్లవారుజాము

చిరంజీవి వసుధకు, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ మెయిలు అందింది. మనవడు ప్రింటు తీసి ఇచ్చాడు. కున్మింగ్ చెరువు సంగతులు, పుట్టగొడుగుల కూర, హాస్టల్ గదిలో గీజరు చెడిపోవడం, అన్నీ రాశావు. రాయకుండా దాచిన సంగతి మాత్రం మీ అమ్మ ఫోన్‌లో చెప్పేసింది. క్లాసులో నిన్ను ‘వెండీ’ అని పిలుస్తున్నారట. ‘వసుధ’ అనడం వాళ్లకి కష్టమవుతుందని మొదటిరోజే నువ్వే బోర్డు మీద ఆ పేరు రాశావట. మీ పెద్దమ్మ విని, “పెట్టుకున్నది ఎలాగూ పెట్టుకుంది, బంగారమనే పెట్టుకోకపోయిందా” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ‘వసుధ’ అనే పేరు కోసం మీ నాయనమ్మ ఎవరెవరితో తగువు పడిందో నీకు తెలుసు.

నీ పేరుతోనే ఆగితే ఊరుకునేవాణ్ణి. నీ దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకి కూడా పేర్లు పెట్టావని నువ్వే రాశావు కదా! ఇరవై రెండు మంది. ఎమ్మెస్సీ చదివేవాళ్లు కొందరు, పీహెచ్‌డీ చేసేవాళ్లు కొందరు. టీ మొక్కల మీద, పొగాకు తెగుళ్ల మీద, కొండవాగుల నీటి మీద పరిశోధన చేసేవాళ్లు. వాళ్లని హెలెన్ అనీ కెవిన్ అనీ పిలుస్తున్నావు. ఒక కుర్రాడు తనంతట తనే ‘రెయిన్’ అని పెట్టుకున్నాడు. అంతా చెప్పి, చివర్న “పెదనాన్నా, రెండు నెలలైంది, ఒక్కరూ నోరు విప్పరు, గోడలకి పాఠం చెప్తున్నట్టుంది, తిరిగి వచ్చేయాలనిపిస్తోంది” అని రాశావు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్ చైనాలో పనిచెయ్యదు, అక్కడివాళ్ల వీచాట్ 2020 నుంచి ఇక్కడ లేదు. కాబట్టి పాతకాలపు మనిషిలాగే కాగితం మీద రాస్తున్నాను, ఫోటోలు తీసి పంపడం మనవడి వంతు. అక్షరాలు వంకర పోతే చెయ్యి వణుకుతోందని కంగారు పడకు. కరెంటు లేదు, అంతే.

ముందు ఆ మౌనం సంగతి. వాళ్ల భాషలో ‘మూగ ఇంగ్లీషు’ అనే మాటే ఉందట కదా. చదవడం వస్తుంది, రాయడం వస్తుంది, నోరు మాత్రం పెగలదు. అందులో వాళ్ల తప్పేముంది? మూడో తరగతి నుంచి ఇంగ్లీషు చదువుతున్నారు. కాలేజీలో దేశమంతటికీ కలిపి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, అది 1987 నుంచీ నడుస్తున్నదే, రాశారు. పీజీలో చేరాలంటే ఎంట్రన్సు 500 మార్కుల్లో ఇంగ్లీషుకే 100. వీటిల్లో మాట్లాడి గట్టెక్కింది తక్కువ, రాసే గట్టెక్కారు. వ్యాకరణంలో నిన్ను ఓడించగలరు, నన్నయితే చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్లకి మాట్లాడితే తప్పు దొర్లుతుందనీ, మాట్లాడకపోతే ఏ తప్పూ దొర్లదనీ ఎవరూ నేర్పక్కర్లేదు.

నీ క్లాసులోని ‘యీ’ అనే తెగ అమ్మాయిలు ఇద్దరి గురించి రెండే వాక్యాలు రాసి వదిలేశావు. నాకు ఇంకా వినాలనుంది. కున్మింగ్ ఉన్న యునాన్‌లో పాతిక దాకా మైనారిటీ జాతులున్నాయంటారు. వాళ్లలో చాలామందికి చైనీసే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఇది నాకు బాగా తెలిసిన సంగతి. శబరి అవతల గూడెం నుంచి బయల్దేరి కొత్తగూడెం వెళ్లాలనుకో. కూనవరం దగ్గర శబరి దాటాలి, తర్వాత గోదావరి దాటాలి, అప్పుడు గానీ కొత్తగూడెం చేరలేరు. మా కోయ పిల్లల నోటికి ఇంగ్లీషు వాక్యం వచ్చే దారీ అంతే. కోయలో అనుకోవాలి, తెలుగులోకి దించుకోవాలి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి. క్లాసులో నేను ప్రశ్న అడిగి, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు జవాబు రాకపోతే ‘నెక్స్ట్’ అనేవాణ్ణి. పాపం వాడి నావ ఇంకా శబరి మధ్యలోనే ఉండేది. ఇది తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. నీకు రెండు నెలలే కదా అయింది.

అన్నట్టు కున్మింగ్ సముద్రమట్టానికి 1,900 మీటర్ల ఎత్తట. వసంత నగరమని పేరట గానీ, రాత్రుళ్లు చలి ఉంటుంది. నీలం స్వెట్టరు వేసుకుంటున్నావా? చిన్నప్పుడు పర్ణశాల వెళ్లి వచ్చిన ప్రతిసారీ నీకు దగ్గు పట్టుకునేది. వేడినీళ్లు తాగడం అక్కడ అందరికీ అలవాటని రాశావు, అది మంచి అలవాటు, మానకు.

ఇక అసలు సంగతికి వస్తాను. పేర్లు. నువ్వు విసుక్కున్నా సరే చెప్తాను. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఫొనెటిక్స్ కాదు, షేక్‌స్పియర్ కాదు, హాజరు పట్టీ. హాజరు పలకడం అంటే అయిదు నిమిషాల గుమాస్తా పని అనుకుంటారు మావాళ్లంతా. రోల్ నంబర్లు చదివేసి పాఠంలోకి దూకుతారు. నేనూ అలాగే దూకినవాణ్ణి.

1979లో ఇక్కడి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి చేరాను. 81లో అనుకుంటాను, జూలై నెల, కొత్త బ్యాచి. రిజిస్టర్లో ‘కారం’ అనే ఇంటిపేరు కనిపించింది. అది కోయల్లో ఎంత సాధారణమైన ఇంటిపేరో నాకప్పటికి తెలీదు. సోడె, కుంజా, పూనెం, ఇర్పా, మడివి, పాయం, సోయం, తెల్లం, ఇవన్నీ నాకు అక్షరాల గుంపులే. కారం అనగానే వంటింట్లో కారమే తోచింది. “ఏమయ్యా, కారం కాస్త తగ్గించకూడదూ” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ కుర్రాడూ నవ్వాడు. అదే నన్ను మోసం చేసింది, వాడూ నవ్వాడు కదా, ఇంకేం అనుకున్నాను. ఆ తర్వాత వారం రోజులు పేరు పిలిస్తే పలకలేదు, తల వంచుకుని చెయ్యి మాత్రం ఎత్తేవాడు. దసరా సెలవుల తర్వాత రాలేదు. ఇంటిదగ్గర పనులుండి రాలేదో, పోడు కొట్టడానికి వెళ్లాడో, నా మాట వల్లే మానేశాడో నాకు తెలీదు. తెలుసుకోవడానికి వాళ్ల ఊరు వెళ్లలేదు. చర్ల దాకా బస్సుండేది, అక్కణ్ణించి ఏడెనిమిది మైళ్లు నడక. వెళ్లగలను, వెళ్లలేదు. మీ నాన్నకి కూడా ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటిపేరంటే వాళ్లకి మనలాగా ముందో పొడి అక్షరం తగిలించుకోవడం కాదు. ఇంటిపేరును బట్టి మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అని ఏ వంశశాఖో తెలుస్తుంది. గట్టు తెలిస్తే వేల్పు ఎవరో తెలుస్తుంది, ఎవరు అన్నదమ్ములో, ఎవరికి పిల్లనివ్వవచ్చో తెలుస్తుంది. ఇద్దరు కోయవాళ్లు సంతలో కొత్తగా కలిస్తే ముందు అడిగేది అదే. నేను దాని మీద జోకు వేశాను! దుమ్ముగూడెంలో నూట యాభై ఏళ్ల కిందట జాన్ కెయిన్ అనే పాదిరీ ఉండేవాడు. మతం ఇవ్వడానికి వచ్చినవాడే, ఆ సంగతి అటుంచు. వచ్చి ఏం చేశాడు? కూర్చుని కోయ మాట నేర్చుకున్నాడు, వాళ్ల కథలూ ఆచారాలూ రాసిపెట్టాడు. మనవాళ్లం, ఏరు దాటితే వాళ్ల ఊరే, మనకి ఆపాటి ఓపిక లేకపోయింది. కోయలో ‘ఏర్’ అంటే నీళ్లని కూడా నాకు పదేళ్లకి గానీ తెలియలేదు. మన ఏరు, వాళ్ల ఏర్, ఎంత దగ్గరి మాటో చూడు.

నువ్వున్న దేశం సంగతి ఇంకా గొప్పది. అక్కడ కూడా ఇంటిపేరే ముందు, మన లెక్కే. పూర్వం బడిలో వేస్తే పిల్లలచేత మొదట వల్లె వేయించే పుస్తకాల్లో ఒకటి ‘నూరు ఇంటిపేర్లు’ అట. సాంగ్ రాజుల కాలం నాటిది. పేరుకి నూరే గానీ నాలుగు వందల పైనే ఉంటాయి అందులో. రాజుగారి ఇంటిపేరు జావ్ కాబట్టి అదే మొట్టమొదటిది. కథలు కావు, నీతులు కావు, ఇంటిపేర్లు వల్లె వేయడమే చదువు. ఇది చదివిన రోజు నేను ఎంత పొంగిపోయానో! హాజరు పట్టీనే పాఠ్యపుస్తకం చేసిన దేశం, వసుధా! అలాంటిచోట కూర్చుని నువ్వు హెలెన్, కెవిన్ అంటున్నావు.

కష్టమంటావు. కష్టమే. నాలుగు స్వరాలున్నాయి, ‘మా’ అని ఒకలా అంటే అమ్మ, ఇంకోలా అంటే గుర్రం. గుర్రాన్ని అమ్మా అని పిలిస్తే ఏం కొంప మునగదు, నవ్వుతారు, సరిచేస్తారు. నీకు ఇంగ్లీషువాళ్లకి లేని సౌకర్యం ఒకటుంది, దాన్ని వాడుకోవడం లేదు. మనకి రెండు చకారాలున్నాయి. చీమ, చెట్టు అనేటప్పుడు ఒక చ. చుక్క, చలి, చాప అనేటప్పుడు నాలుక పళ్ల వెనక తగిలే ఇంకో చ. చిన్నప్పుడు నీకు ఇది చెప్తే “రెండూ ఒకటే కదా పెదనాన్నా” అని వాదించావు, గుర్తుందా? జెడ్ ఓ యు అని రాసే ఇంటిపేరు చూసి నువ్వు ‘జౌ’ అని ఉంటావు. అది చుక్కలో చ. సీ ఏ ఓ అని రాస్తే ‘కావో’ కాదు, అదే పళ్ల చకారం, ఇంకాస్త ఊపిరి వదలాలి. ఎక్స్ కనిపిస్తే శకారానికి దగ్గర, క్యూ కనిపిస్తే చీమలో చకారానికి దగ్గర. చైనీసుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఈ పద్ధతిని వాళ్లు 1958లో ఆమోదించారు. హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టిందీ 1958లోనే. తర్వాత సీఫెల్ అయింది, ఇప్పుడు ఇఫ్లూ. నువ్వు పీహెచ్‌డీ చేసిన చోటు. ఆ రెండింటికీ సంబంధం లేదులే, ఏదో తోచింది రాశాను. ఇంకొకళ్ల నోట్లో నాలుక ఎక్కడ తగులుతోందో వినిపట్టుకోవడానికే కదా అక్కడ నీకు అన్నేళ్లు చెవులు సాన పట్టారు. ఆ చెవులు పేర్ల దగ్గర ఎందుకు మూసుకున్నావు?

మరీ కోప్పడుతున్నానేమో. పెద్దమ్మ కాఫీ ఇచ్చి పోతూ “పిల్లని ఏడిపించకండి” అంది. ఏడవకు. నీ పాఠం గురించి నాకే దిగులూ లేదు. టెన్తులో ఉండగా సెలవులకి వచ్చి, మా కాలేజీ స్టోరు రూములో హాస్టల్ అమ్మాయిలకి చదరంగం నేర్పావు చూడు, ఆ రోజే అనుకున్నాను ఇది టీచరే అవుతుందని.

మౌనం ఎలా కరుగుతుందో నాకు గోదావరి చెప్పింది. 1986 ఆగస్టు వరద నువ్వు పుట్టకముందుది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాని మీద ఇంకో ఇరవై రెండు అడుగులు! మొన్న 2022లో 71.3 వస్తేనే ఊరు ఊరంతా కొండెక్కింది, అది నువ్వూ టీవీలో చూశావు. 86లో మేమున్న అద్దెయిల్లు కప్పు దాకా మునిగింది. బట్టలు, బియ్యం, పెళ్లి ఫోటోలు పోయాయి. ట్రంకుపెట్టె నిండా పుస్తకాలు బురదముద్దయ్యాయి. కాలేజీ తెరిచాక నా దగ్గర ఒక్క టెక్స్టు లేదు, పిల్లల దగ్గరా లేవు. జ్ఞాపకం మీద పాఠం మొదలెట్టాను. అప్పటిదాకా నేను చదవడం, వాళ్లు తలలూపడం. ఇప్పుడు నేనే మధ్యలో ఆగిపోతున్నాను. ఒక వాక్యం సగంలో మర్చిపోయి, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి మిగతా సగం అందించింది. సన్నటి గొంతు. ఏడాదిన్నరగా ఆ గొంతు నేను వినలేదు. పర్ణశాల దారిలో ఊరు వాళ్లది. పాఠం పాఠమంతా బట్టీ పట్టిందట, అర్థం తెలిసి కొంత, తెలియక కొంత. ఆ తర్వాత నేను నిజంగా మర్చిపోయినప్పుడు కొంచెం, మర్చిపోయినట్టు నటించి మరికొంచెం ఆగేవాణ్ణి. పుస్తకాలు వచ్చేసరికి నెల పట్టింది. ఆ నెలలో క్లాసులో అయిన మాటల సందడి నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

మీ కున్మింగ్‌లో కూడా ఇలాంటిది జరిగింది, నీకు తెలిసే ఉంటుంది. 1937లో జపాను దండెత్తాక పెకింగ్, సింగ్వా, నాన్‌కై యూనివర్సిటీలు మూడూ దక్షిణానికి పారిపోయి, ఒకటిగా కలిసి, చివరికి కున్మింగ్ చేరాయి. దాదాపు మూడు వందల మంది విద్యార్థులూ మేష్టర్లూ చాంగ్‌షా నుంచి 68 రోజులు, 1,600 కిలోమీటర్ల దాకా దారి, చాలావరకు కాలినడకన వచ్చారు. విలియం ఎంప్సన్ అనే ఇంగ్లీషు విమర్శకుడు వాళ్లకి పాఠం చెప్పేవాడు. పుస్తకాలు లేవు, జ్ఞాపకం మీదే కవిత్వం చెప్పాడు. అంతటివాడికి నాలాగా తడబాటు వచ్చిందో లేదో మరి. ఆ యూనివర్సిటీ ఉన్న ఊళ్లోనే నువ్వు పాఠం చెప్తున్నావు. ఆ పాత ప్రాంగణానికి ఒకసారి వెళ్లి రా, నా కోసం ఒక ఫోటో తియ్యి.

సారాంశం నీకు తెలిసిపోయింది కదా. నువ్వు తడబడాలి. పుస్తకంలో తడబడమనడం లేదు, నువ్వు అంత తొందరగా మర్చిపోయేదానివి కాదు. వాళ్ల పేర్ల దగ్గర తడబడు. బోర్డు మీద వాళ్ల చేత్తో వాళ్ల పేరు రాయించు. గట్టిగా చదువు. తప్పు చదువుతావు. “నో టీచర్, నాట్ లైక్ దట్” అంటారు. వెనక బెంచీలోంచి ఇంకొకడు సలహా ఇస్తాడు. నీకు కావలసిన ఇంగ్లీషు సంభాషణ అదే. తర్వాత నీ పేరు రాసి చదవమను. వాళ్ల చైనీసులో మన వకారం లేదు. ‘వా’ దగ్గర పెదాలు గుండ్రం చేస్తారు, ‘ధ’ దగ్గర ఆగిపోతారు. చెయ్యి నోటి ముందు పెట్టుకుని ఊపిరి తగిలేలా ‘ధ’ అనమను. అరగంట గడిచిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేరు పలకడం వేరు, రాయడం వేరు. ఇందులో నేను ఇంకోసారి దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ నాకు తగల్లేదు, ఇంకొకళ్లకి తగిలింది. 93లో మళ్లీ ఒక కారం కుర్రాడు వచ్చాడు. మొదటివాడికి చిన్నాయన కొడుకు వరస. ఆ మాట వాడు చెప్పినప్పుడు నాకు చెమట పట్టింది. ఈసారి తప్పు చేయకూడదనుకున్నాను. డిగ్రీ పరీక్ష అప్లికేషన్ నేనే దగ్గరుండి నింపించాను. స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ‘క’ దగ్గర ఒకటే ఏ ఉంది. దీర్ఘం కదా, రెండు ఏలు ఉండాలని నా పాండిత్యం. రెండు వేయించాను. ఉచ్చారణకి న్యాయం చేశానని సంతోషపడ్డాను కూడా.

2000 జనవరిలో మూడో నంబరు జీవో వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో. (దాన్ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది.) ఆ రోజుల్లో వాడికి ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లు చూసేచోట టెన్తులో ఒక ఏ, కుల ధ్రువీకరణలో ఒక ఏ, డిగ్రీలో రెండు ఏలు. ఈ ముగ్గురూ ఒక మనిషేనా అని అడిగారు. అఫిడవిట్లు, పేపరు ప్రకటన, ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకి తిరుగుడు, చేలో పని వదులుకుని వాళ్ల నాన్న వెంట రావడం. నాలుగు నెలలు. నాకు చివరిదాకా చెప్పలేదు వాడు. పోస్టింగు వచ్చాక స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, “సార్, మీరు పెట్టిన ఏ మాకు బాగా ఖర్చయింది” అని నవ్వాడు. ఈసారి నవ్విన నవ్వు వేరు, అది తెలుసుకునే వయసు నాకు అప్పటికి వచ్చింది. వాడిది ఇప్పుడు చింతూరు వైపు. 2014లో ఆ మండలాలు ఆంధ్రలోకి పోయాయి కదా, పొద్దున్న లేస్తే ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు.

నీ పీహెచ్‌డీ పిల్లలు జర్నళ్లకి పేపర్లు పంపుతారు కదా. అక్కడ పేరు ఏ వరసలో రాయాలో, ఇంటిపేరు ముందో వెనకో, నువ్వు తేల్చకు. యు మీద రెండు చుక్కలు పెట్టే ‘ల్యూ’ అనే ఇంటిపేరుంది. జర్నలు అచ్చులో చుక్కలు ఎగిరిపోయి ‘లూ’ అవుతుంది, పాస్‌పోర్టులో ఎల్ వై యు అని రాస్తారు. ఒక మనిషి రెండు పేర్ల మీద చలామణీ అవుతాడు, రేపు ఎవరో అఫిడవిట్ అడుగుతారు. అది ముందే వాళ్లకి చెప్పు, ఏదో ఒకటి వాళ్లనే ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడమను. నాలాగా సొంత ఏలు పెట్టకు.

ఇంగ్లీషు పేరు వాళ్లు ఇష్టపడి పెట్టుకున్నదైతే నాకే అభ్యంతరం లేదు. ఆ ‘రెయిన్’ కుర్రాడి సంగతి నాకు భలే నచ్చింది. వాడు ఏం ఆలోచించి పెట్టుకున్నాడో అడిగావా? అసలు పేరులో వాన ఉందేమో. లేక వాగుల మీద పరిశోధన చేసేది వాడేనా?

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. నువ్వు తీసుకెళ్లిన ఆ సంభాషణల పుస్తకం, హోటల్లో గది బుక్ చేసుకోవడం, ఎయిర్‌పోర్టులో దారి అడగడం, అది పక్కన పెట్టు. పొగాకు తెగులు గురించి నీకేం తెలుసు? ఏమీ తెలీదు. వాళ్లకి తెలుసు. వాళ్లచేతే చెప్పించుకో. నేను ఒక వేసవిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టాను. పిల్లలు సగం మంది రాలేదు, తునికాకు సీజను. వచ్చినవాళ్లూ దిక్కులు చూస్తున్నారు. విసుగొచ్చి పుస్తకం మూసి, ఆకు కట్టకి ఎన్ని ఆకులని ఇంగ్లీషులో అడిగాను. “ఫిఫ్టీ సార్” అన్నాడు ఒకడు, తడుముకోకుండా. ఎవరు లెక్కపెడతారు? “కల్లేదార్ సార్, ఇన్ కల్లం.” తక్కువుంటే? ఇంకొకడు అందుకున్నాడు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా అనీ, కల్లంలో ఎలా ఎండబెడతారో, వాన పడితే ఆకు ఎలా నల్లబడుతుందో, విరిగిన ఇంగ్లీషులో గంటసేపు నాకు పాఠం చెప్పారు. కల్లానికి ఇంగ్లీషు మాట వాళ్లకీ రాదు, నాకూ రాదు. కల్లం అనే వాడాం. పొగాకు మీ దగ్గరిది, బీడీ ఆకు మా దగ్గరిది. మీ పిల్లలకి ఈ సంగతి చెప్పు, వింటారేమో.

తిరిగి వచ్చేయడం గురించి. కాంట్రాక్టు జూన్ దాకా ఉంది. ఆరోగ్యం బాగోకపోతే రేపే రా, టికెట్ డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పక్కర్లేదు. మౌనానికి భయపడి మాత్రం రాకు. ఆవకాయ పార్సెల్ చేద్దామంటే పెద్దమ్మ ఇప్పటికి మూడుచోట్ల కనుక్కుంది, కస్టమ్స్‌లో ఆపేస్తారన్నారు. కారప్పొడి అయినా పంపవచ్చేమో చూస్తోంది. కారం అనగానే నాకు ఇప్పటికీ ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

గోదావరి ఈ నెలలో బాగా తగ్గింది, ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. కరెంటు వచ్చింది.

ఈసారి మెయిల్లో నాకు ఒకటి కావాలి. ఆ ఇరవై రెండు మంది పేర్లూ తెలుగు అక్షరాల్లో రాసి పంపు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, వాళ్లు సరిచేశాక నీ నోటికి ఎలా వచ్చిందో అలాగే. మొదట రెయిన్ అసలు పేరు రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న